‘అశ్వారావుపేట’లో వత్తు ఎక్కడికి పోయింది? ఫాంట్ లోపల ఒక్క లైనే కారణం కావొచ్చు!

అశ్వారావుపేట: ఈ ఊరి పేరు ఫోన్‌లో టైప్ చేసి చూడండి. కంటికి కనిపించేవి ఆరు అక్షరాలే. కానీ ఫోన్ దాచుకునేది 12 యూనికోడ్ నంబర్లు. అ, శ, పొల్లు, వ, దీర్ఘం... ఇలా వరసగా. శ కింద వ వత్తును కూర్చోబెట్టే పని ఫాంట్‌ది. అందులో తేడా వస్తే తెరపై ‘అశ్‌వారావుపేట’ అని పడుతుంది.

మరి దాన్ని సరిచేసేదెలా?

ఫాంట్ అంటే బొమ్మల మూట అనుకుంటారు చాలామంది. అది సగం నిజమే. మనం ఇన్‌స్టాల్ చేసుకునే ఫాంట్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించవు. దాని వెనకున్న సోర్స్‌ను మాత్రం మామూలు టెక్స్ట్‌గానే ఉంచుకోవచ్చు. యూఎఫ్ఓ పద్ధతిలో ఫాంట్ అంటే ఒక ఫోల్డర్, ఒక్కో అక్షర రూపానికి ఒక్కో చిన్న ఫైల్. గీత ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ వంపు తిరగాలి అన్నదంతా అందులో అంకెల్లోనే. ఆ అంకెలు మారిస్తే తలకట్టు కాస్త పైకి లేస్తుంది, అంతే!

వత్తుల సంగతి వేరే ఫైల్‌లో ఉంటుంది. ‘పొల్లు, వెంటనే వ వస్తే రెండింటి బదులు వ వత్తు పెట్టు’ అన్నట్టుగా ఒక లైన్. అది మిస్సయితే వత్తూ మిస్సే. లైన్ చేర్చి, ఫాంట్‌మేక్ లాంటి ఉచిత టూల్‌తో మళ్లీ ఫాంట్ తయారు చేసుకోవచ్చు. పైగా ఎవరు ఏ లైన్ మార్చారో పాతదానితో పోల్చి చూడొచ్చు.

అన్ని ఫాంట్‌లనూ ఇలా మార్చే హక్కు ఉండదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మల్లన్న లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వీటిని మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫాంట్ ఒక్కదాన్నే విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

ఈ అడవి అంచు ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి కోయ భాషను తెలుగు లిపిలోనూ రాస్తారు. తెలుగు ఫాంట్‌లో వత్తు పోతే కోయ మాటలోనూ పోయినట్టే. ఆదిలాబాద్ వైపు గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల లిపి, గుంజాల గోండికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. నంబర్ వచ్చినంత మాత్రాన అక్షరం కనిపించదు కదా, ఫాంట్ లేని ఫోన్‌లో ఖాళీ డబ్బాలే! ఈ లిపికి నోటో ఫాంట్ ఉచితంగానే దొరుకుతోంది.

కొత్త తెలుగు ఫాంట్ దించుకుంటే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ కూడా కొట్టి చూడండి. ఒకే అక్షరానికి రెండు వత్తులు పడే చోట ఫాంట్ పనితనం ఇట్టే తెలిసిపోతుంది.