శిక్షణలోని ఉపాధ్యాయుడు - అంతర్జాల సాధనములు

ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్నవారికి నేడు సాధనముల కొరత లేదు. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘దీక్ష’ వేదిక, పాఠ్యపుస్తకములోని క్యూఆర్ కోడు ద్వారా పాఠమును ఫోనులో చూపుచున్నది. యూట్యూబులో ప్రయోగములు చూడవచ్చును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో విషయములు వెదకవచ్చును. బోధనాభ్యాసమునకు బడికి వెళ్ళునపుడు వీనిలో దేనిని వెంట తీసికొనిపోవలెను?

సాధనము నచ్చినదని పాఠము కూర్చరాదు. పాఠమునకు తగిన సాధనమునే ఎన్నుకొనవలెను. గుండె కవాటములు తెరచుకొనుట, మూసికొనుట నిశ్చలమైన పటముకంటె వీడియోలో స్పష్టపడును. ఆకు ఈనెల అల్లికను చూపుటకు మాత్రము బడి ఆవరణలోని వేపచెట్టు చాలును.

సామాజిక మాధ్యమములయెడ మరింత జాగ్రత్త వలయును. తరగతికొక వాట్సాప్ బృందమును ఏర్పరచుట సులభమే. కాని అందు పెట్టిన బాలిక ఫొటోను ఎవరైనను భద్రపరచుకొని ఇతరులకు పంపవచ్చును. పిదప పెట్టినవారు తొలగించినను ఆ ప్రతులు తొలగవు. కావున తల్లిదండ్రుల సమ్మతి లేనిదే పిల్లల ఫొటోలు, మార్కులు అందు పెట్టరాదు.

ఇంట ఫోను లేని విద్యార్థిని కూడ తలచుకొనవలెను. రాత్రి బృందములో పంపిన ఇంటిపని అతనికి అందదు. మరునాడు మందలింపు మాత్రము అందును. దానిని సాయంత్రమే నల్లబల్లమీద వ్రాసినచో ఈ అన్యాయము జరుగదు. ఫోను ఉన్నవారికి సౌకర్యము కలుగవచ్చును గాని, లేనివారికి పాఠము దూరము కారాదు.