టి.టి.కృష్ణమాచారి

తిరువళ్ళూరు తట్టై కృష్ణమాచారి (నవంబర్ 26, 1899 - మార్చి 7, 1974) భారతదేశపు వ్యాపారవేత్త, రాజకీయ నాయకుడు, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడు. టి.టి.కె. అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధుడు. మద్రాసులో సరుకుల పంపిణీ వ్యాపారంతో జీవితాన్ని ఆరంభించి కేంద్ర ప్రభుత్వంలో వాణిజ్య, పరిశ్రమల మంత్రిగాను, రెండు పర్యాయాలు ఆర్థిక మంత్రిగాను పనిచేశాడు. రెండు పర్యాయాలూ పదవీకాలం రాజీనామాతోనే ముగిసింది. మొదటి రాజీనామాకు కారణమైన ముంద్రా వ్యవహారం, శాఖాధికారుల చర్యలకు మంత్రి ఎంతవరకు బాధ్యుడు అనే ప్రశ్నకు స్వతంత్ర భారతదేశంలో తొలి ప్రధాన ఉదాహరణగా నిలిచింది.

ప్రణాళికా సంఘ ఉపాధ్యక్షుడుగా పనిచేసిన వి.టి.కృష్ణమాచారి వేరొక వ్యక్తి.

== వ్యాపార జీవితం ==
కృష్ణమాచారి తండ్రి మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి. కృష్ణమాచారి మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. 1928లో టి.టి.కృష్ణమాచారి అండ్ కో అనే సంస్థను స్థాపించాడు. ఆనాడు సబ్బులు, ఆహార పదార్థాలు మొదలైన తయారీ సరుకులలో అనేకం విదేశీ కంపెనీలవే. వాటిని దక్షిణాదిలోని చిన్న పట్టణాల దుకాణాలకు చేర్చే ఏజెన్సీ వ్యాపారంలో ఈ సంస్థ పేరు పొందింది. తరువాతి కాలంలో ఇంటింటా తెలిసిన ప్రెస్టీజ్ ప్రెషర్ కుక్కర్లు ఈ కుటుంబ సంస్థల నుండి వెలువడినవే.

== రాజకీయ ప్రవేశం, రాజ్యాంగ రచన ==
1937లో స్వతంత్ర అభ్యర్థిగా మద్రాసు శాసనసభకు ఎన్నికై, అనంతరం కాంగ్రెసులో చేరాడు. తరువాత రాజ్యాంగ సభ సభ్యుడయ్యాడు. ముసాయిదా సంఘ సభ్యుడు డి.పి.ఖైతాన్ మరణించగా ఏర్పడిన ఖాళీలో కృష్ణమాచారి నియమితుడయ్యాడు. 1948 నవంబర్ 5న సభలో చేసిన ప్రసంగంలో, సంఘ సభ్యులు కొందరు వివిధ కారణాల వలన పాల్గొనలేకపోయారనీ, రచనా భారం చివరకు డా.అంబేద్కర్‌పైనే పడిందనీ వివరించాడు. రాజ్యాంగ రచనలో అంబేద్కర్ పాత్రను గురించి చెప్పేటప్పుడు ఈ ప్రసంగాన్ని నేటికీ ఉదహరిస్తారు.

== మంత్రి పదవులు ==
1952 ఎన్నికలలో మద్రాసు నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో వాణిజ్య, పరిశ్రమల శాఖను చేపట్టాడు. అనంతరం ఉక్కు శాఖను కూడా నిర్వహించాడు. 1956లో బొంబాయి నగర భవిష్యత్తు విషయమై సి.డి.దేశ్‌ముఖ్ రాజీనామా చేయగా ఆర్థిక మంత్రి అయ్యాడు.

అప్పటికి రెండవ పంచవర్ష ప్రణాళిక ఆరంభమైంది. భారీ పరిశ్రమలకు కావలసిన యంత్రాల దిగుమతి వలన విదేశీ మారకద్రవ్య నిల్వలు వేగంగా తరిగిపోయాయి. ప్రణాళికకు ధనం సమకూర్చడానికి, బ్రిటిష్ ఆర్థికవేత్త నికోలస్ కాల్డార్ సూచనలను అనుసరించి 1957 మే బడ్జెట్‌లో సంపద పన్నును, వ్యయపు పన్నును ప్రతిపాదించాడు. ఆదాయపు పన్ను ఏడాది సంపాదనపై పడుతుంది. సంపద పన్ను కూడబెట్టిన ఆస్తిపైనా, వ్యయపు పన్ను సంపన్నుల ఖర్చుపైనా పడతాయి. ధనిక వర్గానికి రుచించని ఈ పన్నులను ఒక వ్యాపారవేత్తే ప్రవేశపెట్టడం గమనార్హం. వ్యయపు పన్ను 1962లో రద్దయింది. కృష్ణమాచారి 1964లో దానిని పునరుద్ధరించినా రెండేళ్ళకే మళ్ళీ తొలగిపోయింది. సంపద పన్ను 2015 బడ్జెట్‌తో రద్దయింది.

అణాల స్థానంలో రూపాయికి 100 నయాపైసల దశాంశ నాణేల పద్ధతి అమలులోకి వచ్చింది (1957 ఏప్రిల్ 1) కూడా ఇతని కాలంలోనే.

== ముంద్రా వ్యవహారం ==
ప్రైవేటు బీమా కంపెనీలను జాతీయం చేసి 1956 సెప్టెంబర్‌లో జీవిత బీమా సంస్థను నెలకొల్పారు. 1957 జూన్‌లో ఈ సంస్థ, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీలలో సుమారు కోటీ పాతిక లక్షల రూపాయల వాటాలు కొన్నది. ముంద్రా అప్పటికే ఆర్థికంగా చిక్కులలో ఉన్నాడు. సంస్థలోని పెట్టుబడుల సంఘాన్ని సంప్రదించకుండానే ఈ కొనుగోలు జరిగింది.

పాలసీదారుల సొమ్ముకు సంబంధించిన ఈ విషయాన్ని 1957 డిసెంబర్‌లో లోక్‌సభలో లేవనెత్తినది కాంగ్రెసు సభ్యుడే అయిన ఫిరోజ్ గాంధీ. ప్రభుత్వం బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లాతో ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించింది. విచారణ బహిరంగంగా, కొద్ది వారాలలోనే ముగిసింది. కొనుగోలుకు తన అనుమతి లేదని మంత్రి వాదించగా, మంత్రి సమ్మతితోనే జరిగిందని ఆర్థిక శాఖ కార్యదర్శి హెచ్.ఎం.పటేల్ చెప్పాడు. తన కార్యదర్శి చర్యకు రాజ్యాంగరీత్యా మంత్రే బాధ్యత వహించాలని చాగ్లా తేల్చాడు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశాడు. ఆ సంవత్సరపు బడ్జెట్‌ను ప్రధాని నెహ్రూయే ప్రవేశపెట్టాడు. హెచ్.ఎం.పటేల్ 1977లో తానే కేంద్ర ఆర్థిక మంత్రి కావడం విశేషం.

== రెండవ పర్యాయం ==
1962లో తిరుచెందూరు నుండి ఏకగ్రీవంగా లోక్‌సభకు ఎన్నికై తిరిగి మంత్రివర్గంలో చేరాడు. చైనా యుద్ధానంతరం ఆర్థిక, రక్షణ సమన్వయ బాధ్యతలు నిర్వహించాడు. 1963లో కామరాజ్ పథకం కింద మొరార్జీ దేశాయ్ వైదొలగగా మరల ఆర్థిక మంత్రి అయ్యాడు. చిన్న మదుపరుల పొదుపును పరిశ్రమల వాటాలలోకి మళ్ళించే యూనిట్ ట్రస్ట్ (1964 ఫిబ్రవరి), పరిశ్రమలకు దీర్ఘకాలిక రుణాలు సమకూర్చే భారత పారిశ్రామిక అభివృద్ధి బ్యాంకు (1964 జూలై) ఈ కాలంలో ఏర్పడ్డాయి.

1965లో ఇతని కుమారుల వ్యాపార సంస్థలకు సంబంధించి ప్రతిపక్ష సభ్యులు ఆరోపణలు చేశారు. వాటిపై సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయం తీసుకోవాలని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి తలచాడు. అందుకు సమ్మతించక కృష్ణమాచారి ఆ ఏడాది చివరి రోజున పదవి నుండి వైదొలగాడు.

== అంచనా ==
దిగుమతులు, ధరలు, పరిశ్రమల స్థితిగతులు స్వయంగా తెలిసినవాడు కావడం మంత్రిగా ఇతనికి బలమైంది. అదే నేపథ్యం రెండవ రాజీనామా నాటికి ప్రశ్నలకు దారితీసింది. మంత్రి వ్యాపారాన్ని విడిచినా కుటుంబం అందులో కొనసాగితే నిర్ణయాల నిష్పాక్షికతను ఎవరు, ఎలా నిర్ధారించాలి అన్నదే ఆ ప్రశ్న. ముంద్రా విషయంలో బీమా సంస్థ స్వతంత్ర ప్రతిపత్తి, పార్లమెంటుకు మంత్రి జవాబుదారీతనం ప్రధానాంశాలు. ఈ రెండు సందర్భాలనూ విడివిడిగా చూడడం అవసరం.

== స్మృతి ==
కృష్ణమాచారి 1974 మార్చి 7న మరణించాడు. చెన్నైలోని మౌబ్రేస్ రోడ్డుకు టి.టి.కె. రోడ్డు అని పేరు పెట్టారు. మద్రాసు సంగీత అకాడమీ సభామందిరం కూడా ఇతని పేరుతోనే ఉంది.