23 కోట్ల క్లాసెన్ సరే... బౌలర్లేరీ?

2025 ఏప్రిల్ 12. ఉప్పల్‌లో పంజాబ్ 245 కొట్టేసింది. ‘అయిపోయింది మన పని’ అనుకుని ఫోన్ పక్కన పడేశా. తర్వాత అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 బాదాడు. ఇంకా 9 బంతులుండగానే సన్‌రైజర్స్ గెలిచేసింది. ఇల్లంతా గోల గోల! కానీ ఒక లెక్క మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. 10 కోట్లు పెట్టి కొన్న షమీ ఆ రోజు 4 ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. ఒక్క వికెట్టూ రాలేదు.

తప్పంతా షమీదేనా? నాకైతే అసలు కథ వేలానికి ముందే మొదలైందనిపిస్తుంది.

ఆ సీజన్‌కి ఒక్కో టీమ్ చేతిలో 120 కోట్లు. మనోళ్లు క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్, హెడ్‌లకు చెరో 14, మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 ఇచ్చి అట్టిపెట్టుకున్నారు. ఐదుగురికే 75 కోట్లు! ఆ లిస్ట్ చూసి నేనూ విజిల్ వేశా. 2024లో ఫైనల్ దాకా తీసుకెళ్లింది వీళ్లే కదా.

జెడ్డా వేలానికి మిగిలింది 45 కోట్లు. ఇషాన్ కిషన్‌కి 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కి 8. ముగ్గురికే 29 కోట్లు దాటిపోయింది. మిగతా 12 మందినీ పదిహేనున్నర కోట్లలో సర్దేశారు.

మెలిక ఇక్కడే ఉంది. తుది జట్టులో విదేశీయులు నలుగురికి మించకూడదు. క్లాసెన్, హెడ్, కమిన్స్‌తోనే మూడు స్థానాలు నిండాయి. అంటే బౌలింగ్ భారం ఎక్కువగా మన దేశపు బౌలర్లే మోయాలి. అట్టిపెట్టుకున్న ఐదుగురిలో అలాంటి స్పెషలిస్ట్ ఒక్కడూ లేడు. 2014 నుంచి మనతోనే ఉన్న భువనేశ్వర్‌ని బెంగళూరు 10.75 కోట్లకు ఎగరేసుకుపోయింది. అతను 17 వికెట్లు తీసి అక్కడ కప్పు ఎత్తాడు. మనకు ఆరో స్థానం.

క్లాసెన్‌కి ఇచ్చింది దండగ అనను. ఆ సీజన్‌లోనే 37 బంతుల్లో సెంచరీ కొట్టాడు మరి. నా బాధల్లా, అంత బ్యాటింగ్ ఉన్నాక కూడా మళ్లీ ఇంకో బ్యాటర్ మీదే 11.25 కోట్లు కుమ్మరించడం. 30 లక్షలకే వచ్చిన అనికేత్ వర్మ వైజాగ్‌లో 41 బంతుల్లో 74 కొట్టాడు. బాదేవాళ్లు ఒక్కోసారి ఇలా చవగ్గా దొరుకుతారు. చివరి ఓవర్లో యార్కర్ వేసేవాడు దొరకడం కష్టం.

అందుకే ఇకపై వేలం చూసేటప్పుడు ‘ఎవరిని కొన్నారు’ అని కాదు, ‘20వ ఓవర్ ఎవరేస్తారు’ అని చూస్తా. విజిల్ ఆ తర్వాతే!