రోమన్ లిపిలో మరుగుపడిన తెలుగు గ్రంథములు

గ్రంథము చదువరికి దొరకినప్పుడే గ్రంథాలయమునకు సార్థకత. భారత డిజిటల్ లైబ్రరీ పథకమున ఛాయారూపమునకు మార్చిన తెలుగు గ్రంథములు పెక్కు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితముగా లభించుచున్నవి. అయినను వానిలో అనేకమునకు శీర్షికలు రోమన్ లిపిలోనే కలవు. ప్రత్యేకచిహ్నములు లేని ఆ లిపిలో హ్రస్వదీర్ఘములుగాని ల-ళల భేదముగాని తెలియదు. ‘కల’, ‘కళ’, ‘కాల’ అను మూడును తరచు ఒకే రూపమున కనబడును. ఇట్లు గ్రంథము ఉండియు లేనిదే యగుచున్నది.

ఇందుకు గ్రంథపాలకుడు చేయదగిన పని మూడు విధములు. మొదటిది, శీర్షికను పలు వర్ణక్రమములతో వెదకి, దొరకిన ప్రతిని ముఖపత్రముతో సరిచూచుట. రెండవది, తన సూచికలో శీర్షికను, కర్తృనామమును తెలుగు లిపిలోనే వ్రాసి, ఆర్కైవ్‌లో ఆ ప్రతికిచ్చిన గుర్తింపును చేర్చుట. 1991 నుండియు యూనికోడ్‌లో తెలుగునకు స్థానమున్నది గావున దీనికి అడ్డులేదు. మూడవది, ఫేస్‌బుక్ వంటి మాధ్యమములలో ముఖపత్రచిత్రముతో తృప్తినొందక, శీర్షిక, కర్త, ప్రచురణవర్షము అక్షరములలో వ్రాసి లంకెను జోడించుట. చిత్రములోని అక్షరములు శోధనకు అందునని నమ్మరాదు.

ప్రతి గ్రంథాలయము తన ప్రాంతపు కర్తల కృతులకైనను ఇట్లు చేసినచో పరిశోధకులకు మహోపకారమగును.