హాజరు పట్టీలోని ముందస్తు హెచ్చరిక

ఏ విద్యార్థీ ఒక్కనాడే బడి మానివేయడు. అంతకు ముందే హాజరు పట్టీలో ఖాళీలు కనిపిస్తాయి. 40 మంది గల తరగతిలో సగటు హాజరు 90 శాతమనుకుందాం. అందరూ అప్పుడప్పుడు రాకపోయి ఉండవచ్చు, లేదా నలుగురు ఏడాది పొడవునా రాకపోయి ఉండవచ్చు. సగటు ఈ తేడాను చూపదు. రసాయనశాలలో మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచినట్లే, ఒక్కొక్కరి హాజరును విడిగా లెక్కించాలి.

పనిదినాలలో పదోవంతు తప్పితే దీర్ఘకాలిక గైర్హాజరుగా పరిగణించడం అమెరికాలో వాడుక. భారత విద్యాహక్కు చట్టం 2009లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 220 పనిదినాలు నిర్దేశించింది, పదోవంతు 22. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆరంభమైన అమ్మఒడి పథకం కోరిన హాజరు 75 శాతం; ఆ లెక్కన 55 రోజులు మానినా అర్హత పోయేది కాదు. సాయానికి అర్హత వేరు, అపాయ సూచన వేరు. మొదటి నెలలోనే రెండు మూడు రోజులు తప్పితే ఉపాధ్యాయుడు ఇంటికి వెళ్లి విచారించాలి. అనారోగ్యమా, వలసా, పొలం పనా? కారణాన్ని బట్టే చికిత్స.

క్లెమెంటిలోని మన పిల్లలకు ఆ ప్రమాదం తక్కువే. అయినా జనవరిలో బడులు తెరిచాక సంక్రాంతికని ఊళ్లో ఉండిపోయే రోజులూ లెక్కలోనివే. స్వగ్రామపు బడికి విరాళం పంపేటప్పుడు సగటు హాజరు కాదు, పదోవంతు దాటి రానివారెందరో, ఎందుకో అడుగుదాం.