మనిషితో కొలిచిన వంతెన

పూలమ్మే ఆమె మూర లెక్కన పూలు అమ్ముతుంది. మూర అంటే మోచేయి నుంచి వేలి కొస దాకా ఉండే పొడవు. మరి ఆ మూర ఎవరిది? చేయి పొడుగైతే మూర పెద్దది. చేయి పొట్టిదైతే మూర చిన్నది. డబ్బు మాత్రం ఒకటే!

జాన, బెత్తెడు, బారెడు కూడా ఇలాంటివే. "ఆ ఊరు కూతవేటు దూరం" అంటాం. కూత వేసేవాడి గొంతును బట్టి ఊరు దగ్గరవుతుంది, దూరమవుతుంది!

అమెరికాలో కొందరు కుర్రాళ్లు ఏకంగా మనిషినే కొలబద్ద చేశారు. అక్కడ బోస్టన్ అనే నగరం ఉంది. దాని పక్కన చార్లెస్ నది. నది మీద హార్వర్డ్ వంతెన. 1958లో కాలేజీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు పెద్ద కుర్రాళ్లు ఒక పని పెట్టారు. ఆ వంతెన పొడవు కొలవమన్నారు. దేనితో? టేపుతో కాదు. ఆలివర్ స్మూట్ అనే కుర్రవాడితో!

స్మూట్ ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. అతను వంతెన మీద పడుకున్నాడు. తల దగ్గర గీత గీశారు. లేచి, ఆ గీత దగ్గర కాళ్లు పెట్టి మళ్లీ పడుకున్నాడు. మళ్లీ గీత. పడుకోవడం, లేవడం, పడుకోవడం, లేవడం. పాపం, అతనికి ఓపిక అయిపోయింది. అప్పుడు స్నేహితులే అతన్ని మోసుకుంటూ జరిపారు. చివరికి లెక్క తేలింది. వంతెన పొడవు 364.4 స్మూట్లు, ఒక చెవి అటూ ఇటూ! అంటే సుమారు 620 మీటర్లు.

తమాషా ఏమిటంటే, తర్వాత స్మూట్ పెద్ద పదవి చేశాడు. దేశదేశాలకు ప్రమాణాలు తయారు చేసే ఐ.ఎస్.ఓ. అనే సంస్థకు 2003, 2004లో అధ్యక్షుడుగా ఉన్నాడు.

ఇది నవ్వులాటే. కానీ ఇందులో ఒక నీతి ఉంది. మొదటి నుంచి చివరి దాకా పడుకున్నది ఒక్క స్మూటే. అందుకే లెక్క కుదిరింది. సగం వంతెన అతను, సగం వంతెన ఇంకో పొడుగు మనిషి పడుకుంటే? లెక్క తప్పేది. కొలత ఏదైనా కావచ్చు. అది అందరికీ ఒకటిగా ఉండాలి.

మన దేశంలో 1956లో ఇందుకోసం చట్టం చేశారు. అందరికీ ఒకే మీటరు, ఒకే కిలో అన్నారు. ఇప్పుడు 2009 నాటి చట్టం నడుస్తోంది. ఊరు మారినా కిలో మారకూడదు.

కొట్లో కాటా మీద, తూకం రాళ్ల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఉత్త రాయి పెట్టి తూస్తే అది ఎవరి కిలో? ముద్ర చూడండి. లేకపోతే అడగండి. అడగడం మీ హక్కు.