కొడుకు మరణం, మశూచి లెక్కలు: ఫ్రాంక్లిన్ రాతల్లో మరో కోణం

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే ఉరుముల వేళ ఎగరేసిన గాలిపటం, పిడుగుల నుంచి భవనాలను కాపాడే లోహపు కడ్డీ గుర్తుకొస్తాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ఈ శాస్త్రవేత్త మశూచి గురించి కూడా రాశాడు. దాని వెనక ఒక తండ్రి దుఃఖం ఉంది.

1721లో బోస్టన్ నగరంలో మశూచి ప్రబలింది. రోగి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుడి చర్మానికి చిన్న గాటు పెట్టి ఎక్కిస్తే, సాధారణంగా జబ్బు తేలికగా వచ్చి పోతుంది. శరీరం రోగనిరోధక శక్తిని సంతరించుకుంటుంది. దీన్నే ఇనాక్యులేషన్ అనేవారు. మన బెంగాల్‌లోనూ ఆ శతాబ్దంలో ఇది వాడుకలో ఉండేది. బోస్టన్‌లో దీన్ని వ్యతిరేకించిన పత్రిక ఫ్రాంక్లిన్ అన్న జేమ్స్‌ది. 15 ఏళ్ల బెంజమిన్ అక్కడే అచ్చుపని నేర్చుకుంటున్నాడు.

తర్వాత ఫిలడెల్ఫియాలో సొంత పత్రిక నడుపుతూ ఇనాక్యులేషన్‌ను సమర్థించాడు. కానీ 1736లో ఆయన నాలుగేళ్ల కొడుకు ఫ్రాన్సిస్ మశూచితో చనిపోయాడు. ఇనాక్యులేషన్ వల్లే పోయాడని పుకారు పుట్టింది. బిడ్డ పోయిన కొద్ది వారాలకే ఫ్రాంక్లిన్ పత్రికలో వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది: బాబుకు అసలు చేయించనే లేదు, విరేచనాలతో నీరసించి ఉన్నాడు కాబట్టి కోలుకున్నాక చేయిద్దామనుకున్నాం, ఈలోగా అందరికీ సోకినట్టే సోకింది.

1759లో లండన్‌లో ఉన్నప్పుడు, వైద్యుడు విలియం హెబర్డెన్ ఇనాక్యులేషన్‌పై రాసిన చిన్న పుస్తకానికి ఫ్రాంక్లిన్ ముందుమాట రాశాడు. అందులో వాదన కన్నా అంకెలే ఎక్కువ మాట్లాడతాయి. 1752 నాటి బోస్టన్ మహమ్మారిలో మశూచి సహజంగా సోకిన 5,544 మందిలో 514 మంది చనిపోయారు, అంటే నూటికి తొమ్మిది మందికి పైగా. ఇనాక్యులేషన్ చేయించుకున్న 2,113 మందిలో పోయినవారు 30 మంది, అంటే నూటికి ఒకటిన్నర కన్నా తక్కువ.

ఈ రెండు గుంపుల వయసు, ఆరోగ్యం ఒకేలా ఉన్నాయా అని ఈనాటి పరిశోధకులు తప్పక అడుగుతారు. ఇనాక్యులేషన్ చేయించుకున్నవారి నుంచి ఇతరులకు మశూచి అంటే ప్రమాదమూ ఉండేది. అయినా తేడా చిన్నది కాదు.

80 ఏళ్లు దాటాక రాసిన ఆత్మకథ భాగంలో ఆయన మళ్లీ ఫ్రాన్సిస్‌ను తలచుకున్నాడు. చేయించాక బిడ్డకేమైనా అయితే తమను తాము క్షమించుకోలేమని వెనకాడే తల్లిదండ్రుల కోసమే ఇది రాస్తున్నానన్నాడు. చేయించకపోయినా అదే పశ్చాత్తాపం మిగలవచ్చు, కాబట్టి ప్రమాదం తక్కువున్న దారినే ఎంచుకోమన్నాడు.

గోమశూచి రసితో ఎడ్వర్డ్ జెన్నర్ తన తొలి టీకా ప్రయోగం చేసింది 1796లో. అప్పటికి ఫ్రాంక్లిన్ చనిపోయి ఆరేళ్లయింది.